మోరి బండలు

మొదాలు నల్లా పైపుకని తవ్విండ్రు.
గప్పుడు పోసినయే ఈ మూత బండలు,
మండిబజార్ల మందుల దుకానం కాన్నుంచి
మెట్ల కింద నా కుట్టుమిషను దాక పద్నాలుగు.
సిమెంటు ఆరకముందే, ఇంకా మబ్బులనే,
ఎవలదో కుక్క ఆ కొస నుంచి ఈ కొసకు నడిచిపోయింది.
పొద్దుగాల మేస్త్రి చూసి తల కొట్టుకున్నడు,
తాపీతోని రెండడుగులు మలిపి, బీడీ ముట్టిచ్చి,
"కిందికెవలు చూస్తరులే" అన్నడు.

నేను చూస్తనయ్యా.
మిషను తొక్కేటోళ్లకు తల వంచుడే కొలువు.

తర్వాత కరెంటోళ్లు వచ్చిండ్రు.
తీగలు భూమిల పెడితే గాలిదుమారానికి కూడా లైటు పోదన్నరు.
బండలు లేపి సడక్ మీద పేర్చిండ్రు, పేకముక్కల లెక్క.
నా కాడికి రావాలంటే ఒక్క చెక్క పలక.
పంతులమ్మ ఒకామె కుచ్చిళ్లు పట్టుకొని ఆ పలక మీద నడిచొచ్చి
నీలం జాకెటు గుడ్డ ఇచ్చిపోయింది.
మళ్ల రాలే.
జాకెటు ఇంకా కొక్కానికే ఉన్నది, ఆమె కొలతలు నాకు నోటికొచ్చు.

పూడ్చినంక బండలు ఎట్లబడితే అట్ల పరిచిండ్రు.
కుక్క ఇప్పుడు మందుల దుకానం కాడ బయలెల్లి
మూడో బండ మీద గోడలకు పోతది,
ఐదో బండ మీద మోరిలకెల్లి ఎక్కొస్తది,
ఏడో దాని మీద ఎన్కకు నడుస్తది.
తాళాల యాకయ్య నవ్విండు:
"దానికీ ఆఫీసుల పనిపడ్డదేమో సరోజనా,
ఈ టేబులు నుంచి ఆ టేబులుకు తిరుగుతాంది."

మూడోసారి ఇంటర్నెట్టు పోరగాండ్లు.
యాకయ్య లేచిపోయి చెప్పిండు,
"గీడ కాదు బిడ్డా, నల్లా పైపున్నది, రెండు జానలు అటు."
సారు ఫోన్ల చూసిండు.
ఫోన్ల మా గల్లీ కింద ఏం లేదు, ఒట్టి మన్ను.
అర్ధగంటకు నీళ్లు నిలువెత్తు లేచినయి.
రోజు విడిచి రోజు సన్నటి ధారే చూసిన మేము
బిందెలు, బకెట్లు, ఆఖరికి చాయ్ గిన్నెలు పట్టుకొని ఉరికినం.
తానం చేసినోళ్లున్నరు.
అబద్ధమెందుకు, ఆ ఒక్కనాడు పండుగ లెక్కనే ఉండె.
తెల్లారి నల్లా రాలే. వారం రాలే.

నాల్గోది గ్యాసు. పసుపుపచ్చ పైపు.
గడ్డపార లోపలి రాయికి తాకినప్పుడు
ఇక్కడ నా సూది వణికింది.
ఓరుగల్లంటే ఒక్కటే రాయట, చదువుకున్నోళ్లు అంటరు.
ఆ రాయి మీద మూరెడు మన్ను,
ఆ మూరెడు మన్నుకే ఇంతమంది.

విప్పిన కుట్టు మీదనే మళ్ల మళ్ల కుడితే
బట్ట జల్లెడైతది, దారం తప్పేం లేదు.
పాత గిరాకి మొహమాటానికి నేనూ ఒకసారి కుట్టిచ్చిన,
తొడుక్కున్ననాడే పిగిలింది.

తవ్వేటామె పేరు మంగ్లి. నెక్కొండ దిక్కు తండా.
ఎండకు నా మెట్ల కింద కూసుంటే చినిగిన రైక చెయ్యి కుట్టిచ్చిన.
పైసలు తీయబోయింది, వద్దన్న.
బండల మీది అడుగులు చూసి ఇదేందని అడిగింది. చెప్పిన.
ఏమనలే.
పరిచేనాడు మాత్రం మొగోళ్ల మీద కయ్యిమన్నది,
"ఇది గాదు, ఆ బండ తే, అది దీని పక్కకు."
తిట్టుకుంటనే తెచ్చిండ్రు.

ఇప్పుడు నా ముంగట రెండు బండలు కలిసినయి.
పద్నాలుగింట్ల రెండు.
కుక్క సక్కగ నాలుగడుగులేసి నా దిక్కు వస్తది,
మూడో బండ మీద మళ్ల ఎటో పోతది.

ఇయ్యాల పొద్దున మిషను మీది గుడ్డ తీసేసరికి
ఆ రెంటి నడుమకెల్లి సున్నం గీత.
ఎవలు గీసిండ్రో, దేనికో, అడిగితే ఎవలకు ఎర్కలేదు.
యాకయ్య కండ్లద్దాలు తుడుసుకొని
గీత దిక్కు చానసేపు చూసిండు.
"రెండు జానలు అటు" అన్నడు,
వినేటోడు ఎవడూ లేకున్నా.