కేశభారం

ఈ ఉరుళిలో నాలుగు పాలు కలుస్తాయి,
ఆవు, గేదె, మేక, ఆఖర్న కొబ్బరి.
గుంటగలగర పసరు పోయగానే
కొట్టమంతా బురద వాసన, పచ్చి వాసన.
గురివిందల్ని ముందురోజే పాలలో ఉడికించి విషం దించాను.
తన కింద నలుపు గురివిందకు తెలియదంటారు,
నాది నాకు తెలుసు.
ముప్పై ఏళ్లుగా జుట్టు నూనె కాచే
ఈ తంకమణి ముంజేతుల మీద
ఒక్క వెంట్రుకా లేదు. సెగ తినేసింది.

మిథునమాసం వానలో వాసుణ్ణి ఆశాన్ వచ్చాడు.
గొడుగు మడిచాడు గానీ తలగుడ్డ విప్పలేదు.
ఒట్టప్పాలం చుట్టుపక్కల
కీచకుడంటే ఆయనే, దుర్యోధనుడంటే ఆయనే.
మూస్సు గారు తల వంక చూడనేలేదు.
"అన్నం ఎన్నింటికి? పుల్లటి త్రేన్పులా?
అరికాళ్లు మండుతాయా? నిద్ర?"
బోడిగుండుకూ మోకాలికీ ముడేస్తున్నారే అని
గోడకివతల నేను నవ్వుకున్నాను.

"తెల్లారేదాకా ఆట. తెల్లారాక రైలు.
రైల్లో పరిప్పువడ, నల్ల చాయ, ఊరగాయ అన్నం.
పడుకుంటే కళ్లలో ఇంకా దీపం వెలుగుతూనే ఉంటుంది."

"అదీ సంగతి" అన్నారు మూస్సు గారు.
"పిత్తం వాతాన్ని వెంటేసుకుని రోమకూపంలోకి దిగి
వేరును వదులు చేసింది.
వెనకాలే కఫం, నెత్తురుతో కలిసి వచ్చి
గుమ్మం పూడ్చేసింది."
శ్లోకం ఒప్పజెప్పినట్టు కాదు,
దొంగలు పడ్డ ఇంటి ముందు నిలబడి
ఏ గోడ దూకారో చూపించినట్టు.

అప్పుడు తలగుడ్డ తీశాడు ఆశాన్.
కిరీటం అంచు ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ
గీత గీసినట్టు నున్నటి వలయం.
"ఆ కిరీటాన్ని ఏమంటారు?"
"కేశభారం."
కాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.
ముందు నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత వాళ్లిద్దరికీ.

కర్కాటకం అంతా ఇక్కడే ఉన్నాడు.
గుండు గీయించి ఉసిరిక లేపనం,
మాడు మీద నూనెలో తడిపిన గుడ్డ,
పొద్దున్నే ముక్కులో రెండు చుక్కలు.
ఉప్పు తగ్గించారు, చాయ మాన్పించారు,
తొమ్మిదింటికి దీపం ఆర్పేశారు.
నేను కల్కాన్ని వేళ్ల మధ్య వత్తిగా నలిపి
నిప్పులో వేసి చెవి పెట్టేదాన్ని.
చిటపటమంటే ఇంకా నీరుంది.
మౌనంగా మండితేనే నూనె.

ఓణం వెళ్లాక చూశాం.
చెవుల వెనక, నుదుటి మీద
కుందేలు పిల్ల నూగులాంటిది మొలిచింది.
వలయం మాత్రం ఇత్తడిలా అలాగే మెరుస్తోంది.
"తలుపు తట్టాను" అన్నారు మూస్సు గారు,
"లోపల ఎవరూ లేని ఇంటిని
ఎంతసేపు తట్టను?"
డబ్బు వెనక్కివ్వబోతే ఆశాన్ చేయి అడ్డం పెట్టాడు.
"నిద్ర పడుతోంది కదా, చాలు."

వృశ్చికానికి ముందు మళ్లీ వచ్చాడు,
పెట్టెలో కిరీటం, పక్కన పదమూడేళ్ల శిష్యుడు అనిరుద్ధన్,
దువ్వెన విరిగేంత జుట్టు వాడికి.
నూనె అడుగుతాడనుకున్నాను.
నేను తైలం వడగట్టే పాత గుడ్డ అడిగాడు,
ఏళ్ల తరబడి నాని నాని
పసిపిల్ల చెవి తమ్మెలా మెత్తబడిన గుడ్డ.
కుంకుడురసంలో రెండుసార్లు ఉతికిచ్చాను.
ఆకుపచ్చ మరక పోలేదు.
కొట్టం అరుగు మీదే కూర్చుని
కిరీటం లోపల నాలుగు మడతలుగా కుట్టాడు,
వేలికి సూది గుచ్చుకుంటే బూతు మాట అన్నాడు.

వాడి తలకెత్తి చూశాడు.
"వాసనొస్తోంది ఆశానే" అన్నాడు పిల్లవాడు.
"రానీ" అన్నాడాయన,
ముడిని ఒక వేలెడు వదులు చేస్తూ.