కౌంటు

రొయ్యని చేతిలోకి తీసుకుంటే చాలు,
ముప్ఫై కౌంటో నలభై కౌంటో
నా వేళ్ళే చెప్పేవి.
ఫిషింగ్ హార్బర్‌లో పదకొండేళ్ళు
కాటా తప్పింది గానీ నా చెయ్యి తప్పలేదు.

ఇప్పుడు ఐసులో చెయ్యి పెడితే
చల్లగా లేదు. వేడిగానూ లేదు.
ఎవరి చేతినో అరువు తెచ్చుకుని
ట్రేలో పడేసినట్టుంది.

ముందు ముఖం మీద ఎరుపు వచ్చింది.
సముద్రపు ఎండ అన్నారు.
ఆడపడుచు మాసేనమ్మ మాత్రం
"ముక్కు మీద సీతాకోకసిలక వాలిపోనాదేటొదినా!" అంది.
ఇద్దరం నవ్వుకున్నాం.
అది రెక్కలు ముడుచుకుని లోపలికి పోతుందని
ఎవరికి తెలుసు?

తర్వాత మాటలు పోయాయి,
అన్నీ ఒకేసారి కాదు,
గాలం తెగిన చేపల్లా ఒక్కొక్కటి.
తక్కెడని "అది... అదే, తూచేది" అన్నాను.
కోనాం చేప పేరు నోటికి రాక
కొనేవాళ్ళ ముందు తోకెత్తి చూపించాను.

ఒక మధ్యాహ్నం ఎడమ కంట్లో ఎరుపు వెలిసిపోయింది.
పోర్టు క్రేన్లు, మా బోటు అంచు,
అద్దంలో నా బొట్టు,
అన్నీ నానిన ఇటుక రంగు.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది.
"లూపస్ అంటారమ్మా. నీ ఒంటి కాపలావాడే
దొంగనుకుని నీ వలలు కోస్తున్నాడు.
ఇప్పుడు నరాల దాకా వచ్చాడు."
నూరులోంచి ఏడేసి తీస్తూ పొమ్మంది.
తొంభై మూడు.
ఎనభై...
అక్కడ్నించి సముద్రం మీద పొగమంచు.
రొయ్యల ట్రే తెప్పించండమ్మా,
కళ్ళు మూసుకుని లెక్క చెబుతాను,
అనబోయి ఆగిపోయాను.
అదీ ఇప్పుడు అబద్ధమే కదా.

రాత్రంతా చెవిలో ఈల.
వార్డులో ట్యూబులైటు
కంట్లో గుచ్చిన ముల్లు.
సెలైన్ చుక్కల్ని లెక్కపెట్టాను.
అవి తప్పలేదు, నేనే తప్పాను.

మూడు నెలల మందుల తర్వాత
గొడుగేసుకుని హార్బర్‌కి వెళ్ళాను.
డీజిలు వాసన వచ్చింది, చేపల వాసన ఇంకా దూరంగానే ఉంది.
వేళ్ళు తిరిగి రాలేదు.
ముంజేతి మీద, గాజులకి పైన,
రెండంగుళాల మేర తెలుస్తోంది.

నా చోట చేరిన పిల్ల, గురయ్య కూతురు,
ఒక రొయ్యని అక్కడ పెట్టింది.
కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాను దాన్ని.
"ముప్ఫై."
కిలో తూచి లెక్కపెడితే ముప్ఫై నాలుగు.

"కాటా తప్పింది పిన్నీ" అంది పిల్ల, అటు తిరిగి.

కాదే. నాలుగు తేడా.
రేపు మళ్ళీ పెట్టు.