ఇంకో మద్దిలేటి

మా బేతంచెర్ల బస్టాండు కాడ నిలబడి
"మద్దిలేటీ" అని ఒక్క కేక వేస్తే
అయిదు మంది వెనక్కి తిరుగుతారు.
ఆరోవానికి సగం చెముడు. పాలిషింగ్ మిషన్ కాడ పని.
ఆ ఆరోవాణ్ణి నేనే.
సామికి మొక్కుకుంటే పుట్టినోళ్ళం అందరం,
పేరు కోసం మా అమ్మోళ్ళు ఎక్కువ ఆలోచన చెయ్యలే.

పోయిన ఆషాఢంలో,
నాపరాయి పొడి ఇంకా ముక్కులో ఉండంగానే
మొదటి ఫోను.
"మద్దిలేటి గారేనా?"
నన్ను గారు అని పిలిచిన మొదటోడు వాడే,
అందుకే అవునన్నా.
నేను చేసిన తప్పు అదొక్కటే.

బండి లోనంట. నలభై ఒక్క వేయి ఆరు నూర్లంట.
నాకు బండి ల్యా సామీ, సైకిలుండాది,
దానికీ వెనక బ్రేకు ల్యా.
నాయన పేరడిగినాడు. గిడ్డయ్య అన్నా.
"మా దాంట్లో కూడా గిడ్డయ్యే" అన్నాడు
దొంగ దొరికినంత సంతోషంగా.
మా నాయన చిన్న గిడ్డయ్య.
వాళ్ళ కాగితంలో పెద్ద గిడ్డయ్య.
చిన్నకూ పెద్దకూ నడుమ
నలభై ఒక్క వేయి ఆరు నూర్లు.

ఆ తర్వాత గారు పోయింది.
వారం తిరక్కముందే నువ్వు,
ఇంకో వారానికి ఏరా,
నెలకు మా అమ్మ.
ఆమె చచ్చిపోయి పన్నెండేండ్లు,
ఎవరికీ పావలా బాకీ ల్యాకుండా పోయింది.
ఆపొద్దు మాత్రం మిషన్ ఆపి ఏడ్చినా.

ఫోను సుంకులమ్మకు పోయింది, ఫ్యాక్టరీ గుమాస్తాకు పోయింది,
పిల్లోని బడి సారుకు పోయింది.
ఎదురింటి బజారమ్మ నీళ్ళ బిందె దించి
"తీసుకున్న దుడ్లు కట్టేస్తే పోతుంది గదప్పా" అనె.
తీసుకోలేదని చెప్పేవాని మొగం
తీసుకున్నవాని మొగం మాదిరే ఉంటాదని
అప్పుడు తెలిసె.

ఒక ఆదివారం ఇద్దరొచ్చినారు.
బక్కోడు కడుపులో మంటంట, మజ్జిగ అడిగినాడు.
సుంకులమ్మ ఇచ్చింది, ఉప్పేసి.
తాగి, గలాసు కింద పెట్టి
"టీవీ ఎన్ని అంగుళాలు?" అన్నాడు.

కూలి పోగొట్టుకుని కర్నూలు ఆఫీసుకు పోయినా.
కంప్యూటర్ ముందర పిల్ల మంచిదే.
"నువ్వు ఆ మద్దిలేటివి కాదని రాసిస్తాం,
దీని మీద వేలు పెట్టన్నా."
పెట్టినా. కుడి బొటనవేలు. ఎడమది. పదీ పెట్టినా.
ఇరవై రెండేండ్లు రాయిని నున్నగా చేసినా,
రాయి ఊరికే ఉంటాదా, నన్నూ నున్నగా చేసింది.
రేషన్ డీలరు నా కన్ను చూసే బియ్యం పోస్తాడు.
మిషన్ ఎర్రగా కూసింది.
"నువ్వు నువ్వేనని కూడా రావడం లేదన్నా."

నాకు నవ్వొచ్చింది.
"బండి తీసుకున్నాయన వేలు పెట్టే తీసుకున్నాడు గదమ్మా?"
చూసింది. పెట్టినాడు.
వాని గీతలు దున్నిన చేను మాదిరి తేటగా ఉండాయి.
నా వేళ్ళు చూసి, తెర చూసి,
లోపలికి పోయి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది.

బాకీదారు కాదని కాగితం ఇచ్చినారు.
సంతకం చేసినా, మూడో తరగతి సంతకం,
ద్ది కింద ఒత్తు ఎప్పుడూ పక్కకు జారుతుంది.
సుంకులమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది.
పదకొండు రోజులు ఫోను మోగలే.
పన్నెండో రోజు కొత్త గొంతు.
"మద్దిలేటి గారేనా?"
కాదన్నా.
ఆ రాత్రి సామి పటం దిక్కు చూడలే.

ఒక్కోసారి వాన్ని తలుచుకుంటా,
ఆ పెద్ద గిడ్డయ్య కొడుకుని.
బండి అమ్మినాడో, బోరుకు పెట్టినాడో.
వాడు తినాల్సిన తిట్లన్నీ నేను తిన్నా,
ఆ సంగతన్నా తెలుసా వానికి?

మొన్న డోన్ బస్టాండులో ఎవరో మా పేరు కేకేసినారు.
తిరిగేవాళ్ళు తిరిగినారు.
ఒకడు మాత్రం తిరగలే,
టవలు తల మీదికి లాక్కుని
ప్యాపిలి బస్సు వెనక్కి పోయినాడు.
సగం చెముడున్న నాకే ఇనపడింది ఆ కేక,
వానికి ఇనపడలేదంటే నమ్మను.

నోటి దాకా వచ్చింది పేరు.
పిలవలే.