బోణీ వేళ

తంబుచెట్టి వీధిలో నల్ల గొడుగు కింద నాన్న కొట్టు.
కొట్టంటే ఏముంది, ఒక పట్టుకారు బల్ల,
మూడు ఆకురాళ్ళు,
ఇనప తీగకు గుచ్చిన, ఎవరివీ కాని తాళంచెవులు.

వచ్చేవాళ్ళంతా "సావి" అంటారు.
చెవి అన్న మాట నెల్లూరు నుంచి అమ్మతో వచ్చింది.
"చెవి మన జేబులో ఉంటే తాళానికి ఎట్లా వినపడుద్ది?"
అడిగాను, ఆరేళ్ళప్పుడు.
"అందుకే మనం చెవి పెట్టాల" అన్నాడు పెంచలయ్య, మా నాన్న,
తాళాన్ని ఎడమ చెంపకి ఆనించుకుని.
కుడి చెవిని గ్రైండరు ఎప్పుడో తినేసింది.

మొన్న హార్బరు నుంచి ఒకాయన వచ్చాడు.
ఓడలో మెకానిక్కట, పేరు షుర్షో,
ఎండకి కమిలి ముక్కు పొట్టు లేస్తోంది.
ఊరు గలీసియా, పోర్చుగల్ నెత్తిమీద.
అరచేతిలో రెండు ముక్కలైన ఇత్తడి చూపించి
"చావె" అన్నాడు.

నాన్న ఆకురాయి కింద పెట్టాడు.
"పొద్దున్నే చావేంటయ్యా, బోణీ వేళ!"

నాకొచ్చిన ఇంగ్లీషూ ఆయనకొచ్చిన ఇంగ్లీషూ కలిపితే
ముప్పాతిక ఇంగ్లీషు.
అందులోనే చెప్పాడు:
తలుపు తెరిచేదీ చావె,
(మా రెంచి తీసి ఊపుతూ) బోల్టు తిప్పేదీ చావె.
రోమువాళ్ళ నోట్లో అది క్లావె అట,
వీళ్ళ ఊరు చేరేసరికి ముందున్న క్లా కాస్తా చా అయింది.
నాన్నకి చెప్పాను, ఎడమవైపు నించుని.
"రాపిడి పెడితే అరగందేముంది" అన్నాడు,
ఇత్తడి పొడి ఊదేస్తూ.

మరి మన చెవి?
వాళ్ళ మాటే తీరాన దిగి మన చెవి తగిలించుకుందా,
మన చెవే ముందు నుంచీ ఉందా?
తేల్చి చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదు.
మా వీధిలో దిగిన సరుకులో
ఏది ఎవరిదని ఎవరు రాసిపెట్టారు?

ఎనభై రూపాయలిచ్చి కొత్త చావెతో వెళ్ళాడు.
విరిగిన ముక్కల్లో ఒకటి మా తీగ మీదే ఉంది.
దాని తాళం ఎక్కడో నీళ్ళ మీద తిరుగుతోంది.

ఇప్పుడు బేరాల్లేని మధ్యాహ్నం
కుడివైపు నించుని "చావె" అంటాను.
ఉలకడు, పలకడు, రుద్దుతూనే ఉంటాడు.
చుట్టు తిరిగొచ్చి ఎడమ చెవి దగ్గర అంటాను.
"ఛీ, నోరు కడుక్కోవే" అంటాడు.
అని, నవ్వు కనపడకుండా
తాళానికి చెంప ఆనించుకుంటాడు.