సీసా లెక్క

మస్కట్‌లో పెళ్లి. టికెట్టు వాళ్లే తీశారు,
ఉన్నవాటిలో చవకది: చేతిసంచి ఏడు కిలోలు, అంతే.
కింద వేసే పెట్టెకి డబ్బు కట్టలేదు.
పెళ్లికూతురి అక్క ఫోన్లో అంది:
"మేకప్పే కదా ఆంటీ, ఎంతుంటుంది?"

ఎంతుంటుందో చూద్దామని
రాత్రి తొమ్మిదింటికి కొళత్తూరు ఇంట్లో
నేల మీద పాత చీర పరిచాను.
పదహారేళ్ల పనితనం వరసకట్టి నిలబడింది.
ముప్పాతిక భాగం తడి సరుకే.
ఇన్నాళ్లూ తెలీలేదు,
నేను మూతల కింద బతికే మనిషినని.

బందర్ వీధిలో డజను చిట్టి సీసాలు కొన్నాను,
మూతి చూస్తే చిటికెనవేలు పట్టదు.
ఫౌండేషన్ ఒంపితే దిగదు,
బడికి పోనని గుమ్మం పట్టుకున్న పిల్లలా
అంచునే వేలాడుతుంది.
యమున సిరంజి తెచ్చింది, సూది తీసేసి.
రెండు రంగులు చాల్లే, కలుపుకుంటానన్నాను.
మూడోదీ పెట్టుకోమంది,
"ఫొటోలో పిల్ల రంగు నమ్మకక్కా."
నాకు చెబుతోంది,
నేను నేర్పిన పిల్ల!

కాటుక గట్టిది, పోనిస్తారు.
లిప్‌స్టిక్కు గట్టిదే, నిగనిగలాడేది మాత్రం ద్రవమట.
పేస్టు కూడా ద్రవమేనట,
పళ్లు తోముకునేవాళ్లెవరూ ఒప్పుకోరు.
హెయిర్‌స్ప్రే డబ్బా బీరువా మీదే ఉండిపోయింది,
జడ నిలబెట్టే భారం ఇక పిన్నులదీ దేవుడిదీ.
చోటు చాలక నా షాంపూ తీసేశాను.
నా తలదేముంది,
పెళ్లివారింట్లో సబ్బు ఉండదా.

లీటరు జిప్పు సంచి.
గాలంతా పోయేలా మోకాలితో అదిమి మూశాను.

మీనంబాకం, తెల్లారగట్ల మూడున్నర.
ట్రే గుహలోకి వెళ్లింది. బెల్టు ఆగింది.
నేమ్‌ప్లేటు మీద మినోతి అని ఉంది,
ఇరవై అయిదు దాటవు.
కళ్ల కింద రాత్రి డ్యూటీల నలుపు.
ముందు కాస్త నారింజ రంగు అద్ది, దాని మీద ఒంటి రంగు వేస్తే
పోతుందమ్మా అనబోయి ఊరుకున్నాను.

పక్క అరలోంచి తీసిందామె,
నేను మర్చేపోయిన పన్నీరు సీసా.
మీద నూట యాభై అని అచ్చు,
అడుగున రెండు వేళ్ల పన్నీరు.
నాకొచ్చిన హిందీలో చెప్పాను:
"వంద ఎక్కడుంది తల్లీ, నలభై కూడా లేదు."
ఆమె ఆ అంకె మీద గోరు పెట్టింది.
ఉన్నది కాదట,
పట్టేది లెక్కట.

నాలో ఎంతుందని అడిగినవాళ్లే అందరూ.
ఎంత పడుతుందని
ఇంతవరకు ఒక్కరూ చూడలేదు.

చెత్తడబ్బా నిండా జనం వదిలేసిన నీళ్లు, నూనెలు, ఒక అత్తరు.
మూత విప్పాను గానీ ఒంపడానికి చెయ్యి రాలేదు.
అరచేతిలో వేసుకుని మొహానికి రాసుకున్నాను.
వెనక పెద్దాయన,
బెల్టు విప్పిచ్చి ఎడంచేత్తో పాంటు పట్టుకున్నవాడు,
ఏమనుకున్నాడో
తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి గుంట చేసి చాచాడు.
పోశాను. కళ్లకద్దుకున్నాడు.
ఆయన వెనక ల్యాప్‌టాప్ కుర్రాడు.
వాడి వెనక చంటిపిల్లతో ఒకావిడ,
పిల్ల మాడు మీద నాలుగు చుక్కలు.
గుమ్మంలో పెళ్లివారిని ఆహ్వానిస్తున్నట్టుంది నాకు.
"జల్దీ, జల్దీ," అంది మినోతి,
అంది గానీ ఆపలేదు.

ఖాళీ సీసా ఆమె చేతిలో పెట్టాను.
తిప్పి చూసి, ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకుని,
నాకే తిరిగిచ్చేసింది.
ఖాళీదైతే పట్టుకెళ్లొచ్చట.
పట్టేది లెక్కన్న మనిషే!

మస్కట్‌లో దాన్నిండా కుళాయి నీళ్లు పట్టి ఊపాను.
వాసన ఇంకా ఉంది, సగం.
పెళ్లికూతురు కళ్లు మూసుకుంది, చల్లాను.

సరిపోయింది మూడో రంగే.
యమునకి ఇంకా చెప్పలేదు.