ఆయిలు పుల్ల

పెనుమూరు దాటినాక ఎడమ పక్క
చెరకు తోటల మధ్య రేకుల కొట్టంలో
ఒక పడవ ఇంజను ఉంది.
పడవ లేదు.
సముద్రం, తూర్పున నూటయాభై కిలోమీటర్ల అవతల.

కాశిమేడు పాతినుము అంగట్లో
తూకానికి కొన్నాడంట చెంగల్రాయుడు.
నగరి దాటి, పుత్తూరు కొండల పక్కగా
లారీ మలుపు తిరిగినప్పుడల్లా
నల్లగా కక్కుకుంటా వచ్చిందంట.
అప్పట్నుంచీ చెరకు నములుతానే ఉంది.
మేం బెల్లం వండుతానే ఉన్నాం.

తెల్లారుజామున నాలుగున్నరకి,
పెనం కింద పిప్పి అంటుకోకముందే
నా పని అది.
"నిద్రలో ఉండగానే చూడాల నీలా.
తిరిగినాక ఆయిలంతా ఒంటికి పూసుకోనుంటాది,
అడుగున ఎంతుందో చెప్పదు."

టార్చి నోట్లో కరుచుకుని పుల్ల లాగుతాను.
మొదటిసారి లాగింది లెక్క కాదు.
లుంగీ పేలికతో తుడిచి
మళ్లీ లోపలికి, కింద ఆనేదాకా.
మళ్లీ పైకి.
అప్పుడు చెప్పేదే మాట.

పుల్ల మీద కంపెనీవాడు కొట్టిన గీతలు రెండున్నాయి.
రెండూ ఈడ చెల్లవు.
పడవలో ఇది వెనక్కి వాలి కూర్చునేదంట,
ఆ వాలుకి పెట్టిన గీతలు.
మేమేమో సిమెంటు దిమ్మె మీద
బడిపిల్లకాయ మాదిరి నిటారుగా కూర్చోబెట్టినాం.
మొదటి ఏడు గీతని నమ్మి పోసిన ఆయిలు
నీలి పొగై మామిడితోటల మీదికి పోయింది.
అప్పుడు ఆకురాయి తీసుకుని
పెద్దాయన తన గాటు తనే పెట్టుకున్నాడు.

ఏటేటా పండగలకి ముందు
ఆ గాటును ఇంకొంచెం లోతు చేసేవాడు.
ఎందుకో అడగలేదు నేను.
అరిగిపోతాందేమో అనుకున్నా.

ఆ పొద్దు మూడు ట్రాక్టర్ల చెరకు
రోడ్డు మీద వరసగా నిలబడి ఉంది.
డ్రైవర్లు హారన్లు కొడతాండారు.
ఒక్కసారే లాగినాను. పైదాకా తడి.
"ఉంది పెద్దయ్యా."

ఆయన ఏమీ అనలేదు.
బీడీ ఆర్పి, లేచి వచ్చి, పుల్ల తుడిచి, ముంచి, తీసి
బొటనవేలి గోరు కింద నుంచి పైకి జరిపినాడు.
గాటు దగ్గర ఆగలేదు గోరు.
దాటి పోయింది.
రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి
"తగ్గితే పోస్తాం మే.
పెరిగితేనే భయం.
మనం పోయని ఆయిలు యాడనుంచి వచ్చింది?"

అప్పుడు చూసినాను ఆయన కళ్లు.
రెండింట్లోనూ గంజి తెట్టు.
టార్చి వెలుగు నేరుగా పడుతున్నా
రెప్ప కూడా కొట్టలేదు.

అడుగు బోల్టు విప్పితే
ముందు నీళ్లు, తర్వాత టీ.
హెడ్డు దించినాం.
ట్రాక్టర్లోళ్లు తిట్టుకుంటా పాకాల దారి పట్టినారు.
పెనం ఆ రోజంతా ఉత్తదే.

నీళ్లు తిరిగే సందులో
తుప్పు గోకుతుంటే స్క్రూడ్రైవరు మొనకి
ఏదో తగిలింది.
మెంతిగింజంత గవ్వ. తెల్లది.
ఆయన అరచేతిలో పెడితే
చాలాసేపు వేలితో దొర్లించినాడు.
"ఉప్పగా ఉందేమో చూడు" అన్నాడు.
నాలిక మీద పెట్టుకున్నా.
ఉప్పు లేదు.
తుప్పు, డీజిలు,
నా వేళ్లకి అంటుకున్న నిన్నటి పాకం.
"ఉప్పే" అని చెప్పినాను.
అది నేను చెప్పిన రెండో అబద్ధం,
దాన్ని ఆయన గోటితో చూడలేదు.

ఇప్పుడు దిమ్మె పక్కన స్టూలేసుకుని కూర్చుంటాడు.
"ఎంత?"
టార్చి ఆర్పేస్తాను.
తుడిచి, ముంచి, తీసి
చీకట్లో గోరు జరుపుతాను.

గాటు కింద నువ్వుగింజంత తగ్గింది.
ఉండు, పోస్తాను.