చలువ

ముప్పై ఏడేళ్లుగా ఐసు ఫ్యాక్టరీలో పని నాది.
మతొజీన్యుష్ రేవులో తెల్లారకముందే
పడవల పొట్టల్లోకి గొట్టంతో ఐసు పోస్తాను.
నా చేతులు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి.
మా ఆవిడ బతికున్నప్పుడు
జ్వరమొస్తే తడిగుడ్డ వేయనిచ్చేది కాదు.
"అబీలియూ, నీ చెయ్యి పెట్టు, చాలు" అనేది.

ఆ చేతులే ఇప్పుడు నా కూతురికి పనికిరావు.

మొదటిసారి మందు ఎక్కించిన రోజు నర్సు చెప్పింది:
చల్లటిదేదీ తాకొద్దు, తాగొద్దు,
చలిగాలిలో నోరు తెరవొద్దు.
సరే సరే అని తలూపాం ఇద్దరమూ.
ఇంటికొచ్చి యొలాంద కుళాయి తిప్పి
ఒక్క గుక్క మింగింది.
గొంతులో గాజుపెంకులు, నాన్నా.
పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.
కెవ్వుమని విదిలించుకుంది.

అప్పట్నుంచి వంటింట్లో ఒక గిన్నె వేణ్ణీళ్లు.
ఆమె గది తలుపు తట్టేముందు
నా చేతులు అందులో ముంచి వంద లెక్కపెడతాను.
రాత్రుళ్లు ముప్పైకే తీసేస్తాను,
వాంతి నా లెక్క కోసం ఆగదు కదా.

బస్సు డ్రైవరు నా కూతురు.
సముద్రం పక్కనుంచి ఊళ్లోకి పోయే రూటు.
టికెట్టు తీయనివాణ్ణి
అద్దంలో చూస్తూనే ఆఖరి సీటుదాకా అదిలించే గొంతు.
ఇప్పుడా వేళ్లకి చొక్కా గుండీ దొరకదు.
ఎప్పుడూ ఇసుక పట్టుకున్నట్టే ఉందట.
ఫ్రిజ్ తలుపు మీద వంకర అక్షరాలతో
"నాన్న మాత్రమే" అని రాసి అంటించింది.
స్టీలు చెంచా నాణెం నాకినట్టుందంటే
కొయ్య చెంచాలు కొన్నాను.
సూపు కూడా నాణెమేనట. ఏం చెయ్యను.

చేపవాసన పడదని బూట్లూ కోటూ మెట్ల కిందే వదిలి
బనీనుతో పైకెక్కుతాను.
మూడో అంతస్తు ఎర్మెలింద ఒకరోజు దారికడ్డొచ్చి
"జుట్టు ఊడలేదుగా, అయితే పెద్ద జబ్బు కాదులే" అంది.
యొలాంద నవ్వింది, అవునండీ అంది.
తలుపేసుకున్నాక ఆ నవ్వు
తీయడం మర్చిపోయి చాలాసేపు నిలబడింది.

నడుముకి సంచీ. సంచీలో చిన్న పంపు.
రెండు రోజులు మందు మాతోపాటు ఇంట్లోనే ఉంటుంది.
నిమిషానికోసారి గుర్‌మంటుంది.
గోడకి చెవి ఆనించి వింటాను.
ఎలా ఉంది అని మాత్రం అడగకూడదు.
"ఆ మాట పొద్దున్నించి ఆరుసార్లు అరిగింది నాన్నా."
అందుకని బయట వాన పడుతోందంటాను.
పడనిరోజు కూడా.

చలువంటే మంచిదనే అనుకుంటూ బతికాను.
చేపని కుళ్లకుండా కాచేది అదే.
"చల్లగా ఉండు తల్లీ" అనే మాట
నోటిదాకా వచ్చి, భయపడి, వెనక్కి పోతోంది.

ఎనిమిదో విడత తర్వాత, పదమూడో రోజు.
అలాంటి రోజులు ఒకటో రెండో దొరుకుతాయి,
పాత మందు ఒంట్లోంచి దిగిపోయి, కొత్తది ఇంకా ఎక్కకముందు.
చీకటుండగానే రేవుకి వచ్చింది.
టోపీ, మఫ్లరు, రెండు జతల తొడుగులు.
ఐసు కూలుతున్న చప్పుడులో ఏదో అంది, వినపడలేదు.
తొడుగులు పళ్లతో లాగేసి
అరచెయ్యి చాపింది.
వద్దన్నాను.
చాపే ఉంచింది.

కుప్పలోంచి ఏరి ఏరి
అంచులు కరిగిన ముక్క, బొటనవేలంతది, పెట్టాను.
కళ్లు మూసుకుంది.
అలవాటుకొద్దీ నాలో లెక్క మొదలైంది.
పదకొండు దగ్గర కళ్లు తెరిచి
"చల్లగా ఉంది" అంది.
"ఉట్టి చల్లగా, నాన్నా. ఇంకేం లేదు."

నీళ్లు మోచేతిదాకా కారుతున్నా వదల్లేదు.
పడవ మీంచి జువాకీం అరుస్తున్నాడు
గొట్టం ఏదిరా ముసలాడా అని.
అరవనీ.

మంగళవారం తొమ్మిదోది.
వేణ్ణీళ్ల గిన్నె కడిగి బోర్లించాను,
ఈ ఒక్కరోజుకీ.